‘విచారించగా ఒప్పుకున్నాడు’: మన క్రిమినల్ తీర్పుల్లో ఇన్‌క్విజిషన్ భాష

(గుంటూరులో న్యాయశాస్త్ర విద్యార్థులు, జూనియర్ లాయర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే.

తెలుగు పేపర్లో జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్ళకి ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘నిందితుణ్ణి అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు.’ ఆ ‘తమదైన శైలి’ ఏమిటో రాసినవాడికి తెలుసు, చదివేవాడికి తెలుసు, స్టేషన్ పక్కన టీకొట్టు వాడికి ఇంకా బాగా తెలుసు. ఎవరూ ఉలిక్కిపడరు. నిజం చెప్పాలంటే ఆ మాటలో కాస్త మెచ్చుకోలు కూడా ఉంటుంది.

పేపరు వాళ్ళని తప్పుపట్టడానికి నేను రాలేదు. నా బాధ తీర్పులతో. ఆ వాక్యమే ఇస్త్రీ చొక్కా వేసుకుని కోర్టు తీర్పులోకి వచ్చి కూచుంటుంది. ‘మధ్యవర్తుల సమక్షంలో ముద్దాయిని విచారించగా, అతడు స్వచ్ఛందంగా నేరం అంగీకరించి, వస్తువులు దాచిన చోటుకు దారితీసినాడు.’ మన తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, నేను తెలుగు చేసి చెప్తున్నాను, అంతే. ఈ వాక్యాన్ని నమ్మొద్దని మన చట్టం నూట యాభై ఏళ్ళుగా చెప్తోంది. మన తీర్పులు రాసే తీరు మాత్రం నమ్మే అలవాటులోనే ఉంది. ఆ అలవాటు మన చట్టంలోంచి వచ్చింది కాదు, చాలా దూరం నుంచి వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇప్పుడు ఏ ఏ చోట్ల కనిపిస్తుందో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు రెండు విషయాలు కలగలిసిపోకుండా చూసుకోవాలి. ఇన్‌క్విజిటోరియల్ పద్ధతి అంటే జడ్జే పూనుకుని ఆధారాలు తెప్పించి, సాక్షుల్ని తానే ప్రశ్నించి నిజం తేల్చడం. జర్మనీలో, ఫ్రాన్స్‌లో దాని సంస్కరించిన రూపాలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. అక్కడ ముద్దాయికి మౌనంగా ఉండే హక్కుంది, పక్కన లాయరుంటాడు. దాన్ని చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇన్‌క్విజిషన్ అంటే వేరు. కాథలిక్ చర్చి మతద్రోహుల్ని పట్టడానికి నడిపిన విచారణ అది. మన గోవాలోనే 1560లో మొదలై, మధ్యలో కొన్నేళ్ళు ఆగి, 1812 దాకా నడిచింది. రెండిటి వేళ్ళూ ఒకే నేలలో ఉన్నాయి.

ఆ నేల 1215. ఆ సంవత్సరం రోములో కాథలిక్ చర్చి పెద్దల సమావేశం, లాటరన్ మహాసభ, జరిగింది. అప్పటిదాకా యూరప్‌లో పెద్ద నేరాలకు ఎర్రగా కాల్చిన ఇనుము పట్టించడం, నీళ్ళలో ముంచడం లాంటి దివ్యపరీక్షలు ఉండేవి. ఇకమీదట పూజారులు వాటిలో పాల్గొనకూడదని ఆ సభ నిషేధించింది. మంచి పనే. కానీ దేవుడు చెప్పే తీర్పు పోయాక, మనిషి చెప్పే తీర్పుకి అంత గట్టి నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? పండితులు ఒక లెక్క కట్టారు. ఇద్దరు ప్రత్యక్ష సాక్షులుంటే పూర్తి రుజువు. లేదంటే ముద్దాయి ఒప్పుకోవాలి. మిగతా ఆధారాలన్నీ కలిపినా సగం రుజువే. చీకట్లో చేసే నేరానికి ఇద్దరు సాక్షులెక్కడ దొరుకుతారు? అందుకని ఒప్పుకోలు ‘రుజువులన్నిటికీ రాణి’ అయింది. రాణిగారు పిలిస్తే రారు కాబట్టి, 1252లో నాలుగో ఇన్నోసెంట్ పోపు హింసకి అనుమతి ఇచ్చాడు. అవయవం పోకూడదు, ప్రాణం పోకూడదు అని షరతు పెట్టాడు.

దీని వెనకాలే ఒక గుమాస్తా పని ఉంది. హింసగదిలో చెప్పింది చెల్లదు. మర్నాడో ఆ తర్వాతో, ఇంకో గదిలో, తాళ్ళు విప్పాక, మళ్ళీ చెప్పించి రాసుకోవాలి. అలా రాసిన కాగితంలో హింస మాట ఉండదు. ‘బలవంతమేమీ లేకుండా, తనంతట తాను’ అని ఉంటుంది. మర్నాడు కాదంటే? మళ్ళీ మొదటి గదికి. ఒకసారికి మించి హింసించకూడదన్న నియమాన్ని దాటడానికి, ఇది రెండోసారి కాదు, మొదటిదాని కొనసాగింపే అని రాసేవాళ్ళు. నియమం ఎక్కడా తప్పలేదు, చూడండి. కాగితం ఎప్పుడూ శుభ్రంగానే ఉంది.

మరి మనకి ఇదంతా ఎందుకు? మన చట్టం ఇంగ్లండు నుంచి వచ్చింది, అక్కడ జ్యూరీ ఉండేది, ఈ రాణి పెత్తనం అంత లేదు కదా అనొచ్చు. నిజమే. కానీ మన సొంత చరిత్ర కూడా ఒకటుంది, అందులో మన జిల్లాలున్నాయి. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో హింస జరుగుతోందని లండన్ పార్లమెంటులో గొడవైంది. ముగ్గురితో కమిషన్ వేశారు. 1855లో నివేదిక ఇచ్చారు. అప్పుడు శిస్తు వసూలు చేసేదీ, నేరాలు విచారించేదీ ఒకే కచేరీ మనుషులు. శిస్తు కట్టనివాడికి చేసే మర్యాదే దొంగతనం అంటగట్టినవాడికీ చేసేవాళ్ళు. చెక్కల మధ్య వేళ్ళు నొక్కడం, మనిషిని వంచి కట్టేసి ఎండలో వదిలేయడం, కళ్ళలో కారం. ఇవన్నీ జనం వచ్చి ఆ కమిషన్‌కి చెప్పుకున్నారు.

1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం వచ్చింది ఈ పూర్వరంగంలోనే. 1872 సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్ అయింది. ఆ చట్టం రాసిన స్టీఫెన్, ఇక్కడి పోలీసులు ఖైదీల్ని ఎందుకు హింసిస్తారని అడిగితే అనుభవమున్న ఒక అధికారి చెప్పిన జవాబుని తర్వాత రాసుకున్నాడు. దాని సారం ఇది: ఎండలో పడి సాక్ష్యం కోసం తిరగడం కన్నా, నీడలో హాయిగా కూచుని పాపం ఎవడి కళ్ళలోనో కారం రుద్దడం సుఖం కదా! 25వ సెక్షన్ మీద వ్యాఖ్యానాలు చాలా చదివాను. దీన్ని మించింది నాకు దొరకలేదు.

కాబట్టి సెక్షన్ 25 అంటే పోలీసు ముందు ఒప్పుకోలు రుజువు కాదు. సెక్షన్ 26 అంటే కస్టడీలో ఉండగా మెజిస్ట్రేటు లేకుండా చెప్పింది కూడా కాదు. ఇప్పుడు కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో రెండూ కలిసి సెక్షన్ 23 అయ్యాయి. పాత 27, అంటే కస్టడీలో ముద్దాయి చెప్పినదాన్ని బట్టి ఏదైనా బయటపడితే ఆ మేరకు మాత్రం ఆ మాట చెల్లుతుందన్నది, దానికే చివర మినహాయింపుగా చేరింది. ఆ 27 దగ్గర మనం కాసేపు ఆగాలి. ఎందుకంటే ఆ కథ మీ గుంటూరుదే.

పులుకూరి కొట్టయ్య కేసు. పల్లెలో రెండు వర్గాలు. సాయంత్రం పొద్దు గుంకే వేళ, పులిపాడు చెరువు మూల దగ్గర కాపుకాసి ఇద్దర్ని చంపారని అభియోగం. గుంటూరు సెషన్స్ కోర్టులో విచారణ జరిగి, మద్రాసు హైకోర్టు మీదుగా, అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1946 డిసెంబరులో తీర్పు. ఒక ముద్దాయి పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం అందులో ఉంది. మేమంతా కాపుకాశాం, కొట్టి చంపాం, మావాడు ఇచ్చిన బల్లెం, నా కర్ర ఊళ్ళో ఫలానావాళ్ళ గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను. గడ్డివాములో ఆయుధం దొరికింది. దొరికింది కాబట్టి వాంగ్మూలం మొత్తం లోపలికి రావాలని ప్రాసిక్యూషన్ వాదన.

సర్ జాన్ బోమాంట్ రాసిన జవాబు మీరు బట్టీపట్టినా తప్పులేదు. ‘నా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తాను’ అని ఒకడంటే, దానివల్ల కత్తి అనేది కొత్తగా కనిపెట్టబడలేదు, కత్తుల్ని ఎప్పుడో కనిపెట్టారు అన్నాడు. (నవ్వులు) బయటపడిన విషయమల్లా ఆ కత్తి అక్కడ ఉందనీ, ఉన్నట్టు ఇతనికి తెలుసుననీ, అంతే. ‘ఆ కత్తితోనే ఫలానావాణ్ణి పొడిచాను’ అని తోక కలిపితే ఆ తోక చెల్లదు. ఇంటి కప్పులో కత్తి దొరకడం వల్ల ఆ తోక నిజమని తేలదు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి. 1532లో జర్మన్ చక్రవర్తి ఐదో చార్లెస్ ఒక శిక్షాస్మృతి తెచ్చాడు. అందులో హింస ఉంది. కానీ ఒప్పుకోలు వచ్చాక, నిర్దోషికి తెలిసే వీలులేని వివరాలు అందులో ఉన్నాయేమో చూసి, వెళ్ళి సరిచూసుకోవాలని నియమం పెట్టాడు. జవాబు నోట్లో పెట్టే ప్రశ్నలు వేయకూడదని కూడా పెట్టాడు. మన 27 వెనక ఉన్న ఆలోచన సరిగ్గా ఇదే: చెప్పింది నమ్మం, కానీ చెప్పినచోట వస్తువు దొరికితే ఆ మేరకు నమ్ముతాం. ఇన్‌క్విజిషన్ కాలపు పద్ధతికి మన చట్టంలో తెరిచి ఉన్న కిటికీ అదొక్కటే. అది ఎంత చిన్న కిటికీయో కొట్టయ్య తీర్పు కొలత వేసి మరీ చెప్పింది.

కింది కోర్టులో జరిగేదేమిటో మీలో ప్రాక్టీసులో ఉన్నవాళ్ళకి తెలుసు. సి.ఐ.గారు అరెస్టు చేస్తారు. వీఆర్వోనీ, ఇంకొకర్నీ మధ్యవర్తులుగా పిలుస్తారు. మూడు నాలుగు పేజీల నేరాంగీకార పంచనామా తయారవుతుంది. చిన్నప్పటి నుంచి జల్సాలకు అలవాటుపడిన వైనం దగ్గర మొదలవుతుంది. అందులో చెల్లేది ఒకటిన్నర వాక్యం. దాన్ని బ్రాకెట్ చేసి ‘చెల్లుబాటయ్యే భాగం’ అని ఎగ్జిబిట్ నంబరు వేస్తారు. మంచిదే. కానీ ఆ మూడు పేజీలూ ఫైల్లోనే ఉంటాయి. జడ్జిగారు చదవకుండా ఉండలేరు. తర్వాత తీర్పులో ప్రాసిక్యూషన్ కథ చెప్పే పేరాలో అది మొత్తం దిగుతుంది. అక్కడిదాకా అది ప్రాసిక్యూషన్ కథ. పది పేజీలు గడిచాక, కారణాలు చెప్పే చోట, ‘ముద్దాయి ఒప్పుకోలు మేరకు రికవరీ జరిగినందున’ అని వస్తుంది. ఏ ఒప్పుకోలు? చట్టం ప్రకారం కోర్టు ముందు అసలు లేని ఒప్పుకోలు. ఎవరూ అబద్ధం రాయలేదు. రాసే చేయి ఆ దారిన పోయింది, అంతే.

ఆ వాక్యం నిర్మాణం కూడా చూడండి. ‘విచారించగా ఒప్పుకున్నాడు.’ ఎవరు విచారించారు, ఎంతసేపు, ఏం అడిగారు, మొదట ఏమన్నాడు, ఇవేవీ లేవు. మొదట కాదన్నాడేమో, పది గంటలు కాదన్నాడేమో. మధ్యలో ఉన్నదంతా ఆ ‘గా’ అనే ఒక్క అక్షరం మింగేసింది. మంచి క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఆ అక్షరాన్ని విప్పడమే. ఎప్పుడు పట్టుకున్నారు, పంచనామా ఎప్పుడు మొదలైంది, మధ్యవర్తి వచ్చేసరికి ముద్దాయి ఎక్కడున్నాడు, ఎవరు చెప్తుంటే ఎవరు రాశారు. ఈ నాలుగూ అడగండి.

ఇక రెండో జాడ. మౌనం.

జర్మనీలో మంత్రగత్తెల వేట ముదిరిన రోజుల్లో ఫ్రీడ్రిష్ ష్పే అనే జెసూట్ పూజారి, 1631లో, తన పేరు పెట్టుకోకుండా ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఆ కోర్టుల తర్కం ఎలా నడుస్తుందో అందులో చూపించాడు. ఆమె నడత చెడ్డదైతే అది సాక్ష్యం. మంచిదైతే, మంత్రగత్తెలు మంచివాళ్ళలా నటిస్తారు కాబట్టి అదీ సాక్ష్యమే. పట్టుకెళ్తే భయపడిందా, తప్పు చేసింది కాబట్టే. భయపడలేదా, సైతాను అండ ఉంది కాబట్టే. మనం చదివి నవ్వుకుంటాం.

ఇప్పుడు మన బెయిలు ఉత్తర్వుల్లోంచి ఒక మాట. ‘ముద్దాయి దర్యాప్తుకు సహకరించడం లేదు.’ పిలిచినప్పుడల్లా వచ్చాడు, అడిగిన కాగితాలిచ్చాడు. ఇంకేం సహకారం కావాలి? ఒప్పుకోలేదు, అదీ విషయం. 2017లో సంతోష్ కేసులో సుప్రీంకోర్టు ఇది పట్టుకుంది. ఒప్పుకోనంత మాత్రాన సహకరించలేదనడం కుదరదనీ, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న హక్కు రాజ్యాంగం 20(3) ఇచ్చిందనీ చెప్పింది. 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసులో, మనీ లాండరింగ్ కేసులు చూసే కేంద్ర సంస్థ ఈడీకి కూడా దాదాపు అదే చెప్పింది. దాటవేత జవాబులిచ్చాడని అరెస్టు చేస్తారా, పిలిచిన ప్రతివాడూ ఒప్పుకోవాలని ఎలా అనుకుంటారు అని అడిగింది. ఇన్నిసార్లు చెప్పాల్సి వస్తోందంటే ఆ మాట ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆలోచించండి.

విచారణ చివర పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 313 కింద ముద్దాయిని ప్రశ్నించడం ఉంది, ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్.లో 351. తనకు వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యం మీద అతను చెప్పుకోవడానికి ఇచ్చిన అవకాశం అది. ప్రమాణం ఉండదు. జవాబు చెప్పకపోతే శిక్ష లేదు. మన కోర్టుల్లో చూస్తే, ప్రశ్నలు గబగబా చదువుతారు, అతను ‘తెలియదు, అబద్ధం, అబద్ధం’ అంటాడు. చాలాసార్లు అతని లాయరే అలా చెప్పమని ఉంటాడు. తీర్పులో ఏమొస్తుంది? ‘ముద్దాయి ఒట్టి నిరాకరణ తప్ప ఎలాంటి వివరణా ఇవ్వలేదు. ఇది గొలుసులో అదనపు లంకె.’

ఈ ‘అదనపు లంకె’కి చరిత్ర ఉంది. 1955లో దేవనందన్ మిశ్రా కేసులో, పరిస్థితుల సాక్ష్యం అంతా ముద్దాయి వైపే చూపిస్తున్నప్పుడు అతను వివరణ ఇవ్వకపోవడం గొలుసుని పూర్తి చేసే లంకె అవుతుందన్నారు. అప్పటి మాటలు జాగ్రత్తగానే ఉన్నాయి. కానీ కాలం గడిచేకొద్దీ జాగ్రత్త రాలిపోయి, లంకె మిగిలింది. అందుకే 1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ గీత గీయాల్సి వచ్చింది. గొలుసు ముందు ప్రాసిక్యూషన్ పూర్తి చేయాలి. పూర్తయ్యాక, ముద్దాయి చెప్పింది అబద్ధమైతే ఆ గొలుసుకి బలం చేకూరవచ్చు. తెగిన గొలుసుని ముద్దాయి అబద్ధంతో అతికించడం కుదరదు. పరిస్థితుల సాక్ష్యానికి పంచశీల అని మనం చదువుకునే ఐదు సూత్రాలూ ఆ తీర్పులోవే. విచిత్రం ఏమిటంటే, ఆ ఐదు సూత్రాల్నీ పూర్తిగా ఉటంకించి, ఆ పక్క పేరాలోనే తెగిన గొలుసుని అతికించే తీర్పులు ఇప్పటికీ వస్తున్నాయి. సూత్రం ఉటంకించడం కూడా ఒక తంతు అయిపోయింది. పాత గుమాస్తా ‘బలవంతమేమీ లేకుండా’ అని రాసుకున్నట్టు.

సాక్ష్య చట్టం సెక్షన్ 106 కూడా ఇంతే, కొత్తది 109. ముద్దాయికి మాత్రమే తెలిసే సంగతి అతనే చెప్పాలన్నది. హత్య ఎలా జరిగిందో హంతకుడికే తెలుసు కాబట్టి ముద్దాయే చెప్పాలని వాదిస్తే, అతను హంతకుడని ముందే అనుకున్నట్టు. 1956లో శంభునాథ్ మెహ్రా కేసులోనే ఈ విడ్డూరాన్ని సుప్రీంకోర్టు బయటపెట్టింది.

ప్రత్యేక చట్టాల దగ్గర ఈ జాడలు వెతకక్కర్లేదు, చట్టమే బోర్డు పెట్టింది. టెర్రరిజం కేసులకి తెచ్చిన 1987 టాడా చట్టంలో సెక్షన్ 15: దాని ప్రకారం ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకోలు చెల్లేది. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 3-2తో దాన్ని నిలబెట్టింది. విభేదించిన ఇద్దరిలో ఒకరు మన జస్టిస్ కె. రామస్వామి. టెర్రరిజం మీదే వచ్చిన 2002 పోటాలోనూ, వ్యవస్థీకృత నేరాల మీద మహారాష్ట్ర తెచ్చిన మకోకా చట్టంలోనూ అదే దారి. ఫలితం ఏమైంది? గుజరాత్ అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో ఆరుగురికి శిక్ష పడింది, అందులో ముగ్గురికి ఉరి, హైకోర్టు ఖాయం చేసింది. 2014 మేలో సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోళ్ళను పక్కనపెట్టి ఆరుగురినీ విడుదల చేసింది. 2006 ముంబయి రైలు పేలుళ్ళ కేసులో 2015లో 12 మందికి శిక్ష పడింది, అందులో 5 ఉరిశిక్షలు. 2025 జూలైలో బొంబాయి హైకోర్టు అందర్నీ విడుదల చేస్తూ ఒప్పుకోళ్ళలో కొన్ని భాగాలు ఒకదాన్లోంచి ఒకటి ఎత్తి రాసినట్టున్నాయని గమనించింది. ఆ తీర్పుని మిగతా కేసుల్లో పూర్వోదాహరణగా వాడొద్దని సుప్రీంకోర్టు చెప్పింది, అప్పీలు అక్కడుంది. ఆ కేసు చివరికి ఏమవుతుందనేది వేరే సంగతి. వేరువేరు మనుషులు, వేరువేరు రోజుల్లో, వేరువేరు అధికారుల ముందు ఒకే పేరాని అచ్చంగా ఎలా చెప్తారు? కింది కోర్టులో ఈ ప్రశ్న పుట్టాల్సింది కదా. ‘స్వచ్ఛందంగా’ అన్న ముద్ర ఉన్నచోట కన్ను ఆగదు.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించే తీర్పులు మరో రెండున్నాయి. 2020 అక్టోబరులో తోఫాన్ సింగ్ కేసు. మాదకద్రవ్యాల చట్టం కింద అధికారుల ముందిచ్చిన ఒప్పుకోలు చెల్లదని 2-1తో తీర్పు. ఆ అధికారి పేరేదైనా కానీ, చేసేది పోలీసు పనే కదా అన్నారు. రెండేళ్ళు తిరక్కుండా, 2022 జూలైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసు. ఈడీ అధికారులు పోలీసులు కారు, వాళ్ళు చేసేది దర్యాప్తు కాదు, ‘విచారణ’ మాత్రమే, కాబట్టి సమన్ల మీద వచ్చి ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతుంది అన్నారు. సమన్లకి వెళ్ళకపోతే శిక్ష, వెళ్ళి నిజం చెప్పకపోతే శిక్ష, చెప్పినదాని మీద సంతకం పెట్టాలి. అయినా అప్పటికి ముద్దాయి కాడు కాబట్టి 20(3) రాదట. లాటిన్‌లో ఇన్‌క్విజిషియో అంటే కూడా విచారణే. ఎదురుగా అభియోగం మోపేవాడు ఎవడూ ఉండడు, అడిగేవాడొక్కడే ఉంటాడు. ఈ తీర్పుని పునఃపరిశీలించమని పిటిషన్లు పడ్డాయి. నా అభిప్రాయం మీకు అర్థమయ్యే ఉంటుంది.

నిజం కోసం అన్వేషణ అనే మాట గురించి కూడా రెండు ముక్కలు. 2003లో జస్టిస్ మలీమత్ కమిటీ మన క్రిమినల్ న్యాయవ్యవస్థలోకి ఇన్‌క్విజిటోరియల్ పద్ధతిలోని మంచిని తెచ్చుకుందామంది. నిజాన్ని వెతకడం కోర్టుల మొదటి కర్తవ్యమంది. వినడానికి ఎంతో బాగుంది. చేర్చిన సిఫారసులు చూస్తే: రుజువు ప్రమాణాన్ని సహేతుకమైన అనుమానానికి తావులేని స్థాయి నుంచి కిందికి దించాలి, ముద్దాయి మౌనం నుంచి కోర్టు ఊహించుకోవచ్చు, ఎస్పీ ముందు ఒప్పుకోలు చెల్లాలి. జర్మనీ జడ్జి నెత్తినున్న బరువు రాలేదు, పాత రాణిగారు మాత్రం తిరిగొచ్చారు. ఆ సిఫారసులు అలాగే చట్టం కాలేదు. కానీ ‘సత్యాన్వేషణ’ అన్న మాట తీర్పుల్లో అప్పణ్ణుంచి మరీ తరచుగా కనిపిస్తోంది, అదీ ప్రాసిక్యూషన్ లోపాల్ని క్షమించాల్సి వచ్చిన చోట.

జడ్జి ప్రశ్నలు వేయకూడదా అంటే, తప్పకుండా వేయాలి. పాత సాక్ష్య చట్టం 165 ఆ అధికారం ఇచ్చింది, కొత్తదాన్లో అది 168. 1981లో రామ్ చందర్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఇదే చెప్పారు. జడ్జి చూస్తూ కూచునే ప్రేక్షకుడు, టేపు రికార్డరు కాకూడదు. కానీ ఆ కేసులో సెషన్స్ జడ్జి, మాట మార్చిన సాక్షుల్ని అబద్ధపు సాక్ష్యం కేసు పెడతానని బెదిరించారు. అడగడానికీ భయపెట్టడానికీ మధ్య గీత ఎక్కడుందో మన తెలుగు జడ్జి ఒకాయన అంత స్పష్టంగా గీసిపెట్టారు. కావాల్సింది చదవడమే.

శిక్ష విధించే చోట వినిపించే ‘సమాజ సామూహిక అంతరాత్మ’ గురించి క్లుప్తంగా. 1983 మచ్ఛీ సింగ్ కేసులో వచ్చింది, 2005 పార్లమెంటు దాడి కేసులో అందరికీ తెలిసింది. ఆ రెండో కేసులో సుప్రీంకోర్టు అఫ్జల్ గురు ఒప్పుకోలుని నమ్మలేదు, పక్కన పెట్టింది. ఆ పని చేసిన తీర్పే, మరణశిక్షతోనే సమాజ అంతరాత్మ తృప్తిపడుతుందనీ రాసింది. 1215 నాటి నియమంలో దీనికి పూర్వరూపం ఉంది. ఫిర్యాదుదారు లేకపోయినా, ఊళ్ళో గట్టిగా చెప్పుకుంటుంటే చాలు, విచారణ మొదలుపెట్టొచ్చు. జనవాక్యమే అభియోక్త. అప్పుడది విచారణకి తలుపు మాత్రమే తెరిచింది. ఇప్పుడు శిక్ష కొలత వేసే చోట నిలబడింది. జనం ఏమనుకుంటున్నారన్నది ఏ సాక్షి చెప్పాడు, ఎవరు క్రాస్ చేశారు?

చివరిది, మీ క్లయింట్లకి రోజూ తగిలేది. 1633 జూన్‌లో గెలీలియోకి చెప్పిన తీర్పులో అతను మతద్రోహి అని లేదు. ‘మతద్రోహం చేసినట్టు తీవ్రంగా అనుమానింపబడినవాడు’ అని ఉంది. ఆ కోర్టుల్లో అనుమానానికి తరగతులుండేవి. స్వల్పం, తీవ్రం, అతితీవ్రం. ఏ తరగతికి ఆ శిక్ష. యూరప్ మామూలు కోర్టుల్లో కూడా రుజువు చాలకపోతే పూర్తి విడుదల ఇచ్చేవాళ్ళు కాదు, ‘ప్రస్తుతానికి’ విడుదల ఇచ్చేవాళ్ళు. మరక అలాగే ఉంటుంది.

మన కోడ్‌లో రెండే ఉన్నాయి. శిక్ష, విడుదల. మధ్యలో ఏమీ లేదు. అయినా మన తీర్పులు ‘అనుమానం తాలూకు లబ్ధి ఇచ్చి’ విడుదల చేస్తాయి, అదేదో దయతో ఇచ్చిన రాయితీ అన్నట్టు. 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ముద్దాయి దోషి అయివుండవచ్చు అంటే చాలదు, అయితీరాలి అని గొప్పగా రాశారు. ఆ తీర్పులోనే అనుమాన లబ్ధి సూత్రం మీద అతిభక్తి సమాజానికి చేటనీ రాశారు. కింది కోర్టుల్లో ఆయన రెండో మాటనే ఎక్కువగా ఎత్తుకుంటారని నా అనుభవం.

ఈ రాతకి ఫలితం ఉద్యోగం దగ్గర తేలుతుంది. విడుదలైన కుర్రాడు కానిస్టేబుల్ సెలక్షన్‌కి వెళ్తాడు. అక్కడ ‘గౌరవప్రదమైన విడుదల’ కావాలంటారు. 2012లో సముత్తిరం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది: గౌరవప్రదమైన విడుదల అనే మాట శిక్షాస్మృతిలో లేదు, ప్రొసీజర్ కోడ్‌లో లేదు, తీర్పుల్లో పుట్టింది అని. అలా చెప్తూనే, ఆ మాటనే కొలబద్దగా పెట్టి ఆ కానిస్టేబుల్‌కి ఉద్యోగం తిరిగి ఇవ్వనక్కర్లేదంది. చట్టంలో లేని తరగతి, జడ్జీలు రాసిన భాషలోంచి పుట్టి, ఒక మనిషి జీతాన్ని ఆపింది.

కాబట్టి జూనియర్లకి నేను చెప్పేది ఒక చిన్న పని. డిఫెన్స్‌లో వాదనలు ముగించేటప్పుడు అనుమాన లబ్ధి ఇవ్వమని అడక్కండి. ప్రాసిక్యూషన్ సాక్ష్యం నమ్మదగినది కాదు, ఫలానా ఫలానా కారణాల వల్ల అభియోగం రుజువు కాలేదు అని తేల్చమని అడగండి. రాతపూర్వక వాదనల్లో కూడా ఆ మాటలే పెట్టండి, ఎందుకంటే చాలాసార్లు తీర్పులో మీ వాక్యాలే వస్తాయి. అనుమాన లబ్ధి అన్న పదం మీ కాగితంలో ముందు మీరే రాస్తే, జడ్జిగారు రాశారని తర్వాత బాధపడి లాభం లేదు.

సెక్షన్ 27 మీద ఎవరో చీటీ పంపారు, చూశాను. ఒకే వస్తువు చోటుని ఇద్దరు ముద్దాయిలు చెప్పినట్టు రాస్తే ఏమవుతుందని. ముందు ఎవరు చెప్పారో ప్రాసిక్యూషన్ చూపించాలి. మొదటివాడు చెప్పాక పోలీసులకి ఆ చోటు తెలిసిపోయింది, రెండోవాడు చెప్పడం వల్ల కొత్తగా బయటపడింది ఏముంది? ఎవరు ముందో కాగితంలో లేకపోతే అక్కణ్ణుంచే మీ క్రాస్ మొదలుపెట్టండి. మిగతా ప్రశ్నలు అడగండి.